రెండు నగరాలు, రెండు రకాల పొగ

1952 డిసెంబరు 5న లండన్‌ను కమ్మిన పొగమంచు 9వ తేదీ దాకా వదల్లేదు. సాడ్లర్స్ వెల్స్ థియేటర్లో వేదిక కనపడక ఆపెరాను మధ్యలోనే ఆపేశారు. పశు ప్రదర్శనకు తెచ్చిన పశువులు ఊపిరాడక చచ్చాయి. మనుషుల్లో 4 వేల మంది పోయారని మొదటి లెక్క. తర్వాతి పరిశోధకులు 12 వేల దాకా ఉంటుందన్నారు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1943 జూలైలో, లాస్ ఏంజెలెస్ జనం కళ్లు మండి నీళ్లు కారుతుంటే జపాన్ విషవాయువు వదిలిందేమోనని భయపడ్డారు.

ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం మనకు అలవాటైంది. పైపైన చూస్తే పోలిక నిజమే. రెండు చోట్లా పైన వెచ్చని గాలి పొర మూతలా పరుచుకుని కింది గాలిని కదలనివ్వలేదు. కానీ ఆ మూత కింద జరిగింది వేరు. లండన్‌లో ఇళ్ల పొయ్యిలూ, ఊరి నడుమనున్న విద్యుత్ కేంద్రాలూ బొగ్గు మండించాయి. గంధకపు వాయువు మంచు బిందువుల్లో కలిసి ఆమ్లమైంది. చలీ తేమా దానికి బలం. లాస్ ఏంజెలెస్‌లో బలం ఎండది. కార్ల నుంచీ రిఫైనరీల నుంచీ వచ్చిన పెట్రోలు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో చర్య జరిపి ఓజోన్‌ను పుట్టించాయి. ఆ గాలికి రబ్బరు పగిలింది, ఆకుకూరలు మాడాయి. ఏ గొట్టంలోంచీ ఓజోన్ నేరుగా రాదు, గాలిలోనే పుడుతుంది. అందుకే దాని మూలం పట్టుకోవడం అంత కష్టమైంది.

లండన్‌లో దోషి ఎవరో అందరికీ తెలుసు. అయినా తర్వాతి నెలల్లో కొనసాగిన మరణాలను ప్రభుత్వం ఫ్లూ ఖాతాలో వేసింది. యుద్ధపు అప్పులు తీర్చడానికి మేలురకం బొగ్గును విదేశాలకు అమ్మి, సొంత జనానికి నాసిరకం పొడిబొగ్గు అంటగట్టిన ప్రభుత్వమది. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. లాస్ ఏంజెలెస్‌లో మాత్రం దోషి నిజంగానే తెలియలేదు. మొదట ఒక కృత్రిమ రబ్బరు ముడిసరుకు ఫ్యాక్టరీని అనుమానించి మూయించారు. పొగ తగ్గలేదు. అనాసపండు వాసన మీద పరిశోధిస్తున్న కాల్టెక్ రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ 1950ల తొలినాళ్లలో అసలు సంగతి బయటపెట్టారు. చమురు కంపెనీలు ఒప్పుకోలేదు.

బ్రిటన్ 1956లో స్వచ్ఛ వాయు చట్టం తెచ్చి, పొగరాని ఇంధనానికి మారమని ఇళ్లకు డబ్బిచ్చింది. మసి తగ్గింది. చాలామంది కథను అక్కడితో ముగిస్తారు. నాకు ఆ ముగింపు సమ్మతం కాదు. బ్రిటన్ విద్యుత్ కేంద్రాలకు ఎత్తయిన చిమ్నీలు కట్టింది. గంధకం పైకెగిరి స్కాండినేవియా సరస్సుల మీద ఆమ్లవర్షంగా కురిసింది. లాస్ ఏంజెలెస్ దారి నత్తనడక. 1957లో పెరళ్లలో చెత్త కాల్చే పొయ్యిలను నిషేధించారు. 1966 మోడల్ కార్ల పొగగొట్టాలకు పరిమితులు పెట్టారు. 1975లో ఉత్ప్రేరక కన్వర్టర్లు వచ్చాయి. కానీ అక్కడ కాలుష్యాన్ని పక్కింటికి తోయకుండా పుట్టినచోటే పట్టుకున్నారు. ఆ లెక్కన రెండో నగరానిదే పెద్ద విజయమంటాను.

కొండలకూ సముద్రానికీ నడుమనున్న మన విశాఖలో ఈ రెండు సమస్యలూ కలిశాయి. ఓడరేవు బొగ్గు, ఖనిజాల ధూళి ఇళ్ల మీద పడుతోందని పాతనగరం వాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అది కంటికి కనపడుతుంది. రిఫైనరీ, వాహనాలు, ఎండ కలిసి చేసే పని కనపడదు. మన వాయు నాణ్యతా సూచీ ఎనిమిది కాలుష్యకాలను లెక్కలోకి తీసుకున్నా, ప్రకటించేది వాటిలో అన్నిటికన్నా ఎక్కువున్న దాని అంకెనే. ధూళి ఎక్కువున్న రోజున ఓజోన్ అంకె దాని వెనకే ఉండిపోతుంది. కనీసం వేసవి మధ్యాహ్నాల్లోనైనా ఆ అంకెను విడిగా, గంటగంటకూ, ఊరందరికీ తెలిసేలా చెప్పాలి.