పథ్యం - పూరకం - బలంమందు: కోలుకునే దశను చెప్పే తెలుగు మాటలపై విమర్శ

వ్యాససంగ్రహం:

పక్షవాతం, శస్త్రచికిత్స, దీర్ఘవ్యాధి తరువాత రోగి కోలుకునే దశలో ఆహారపూరకాల వాడకం నేడు సర్వసాధారణమైంది. ఈ దశను గురించి తెలుగులో వాడే పథ్యం, పూరకం, బలంమందు అనే మూడు మాటల వెనుక మూడు వేర్వేరు ఆలోచనలున్నాయి. వాటిని పర్యాయపదాలుగా వాడటం వల్ల ‘లోటు ఉన్నప్పుడే పూరకం’ అనే షరతు ఆరోగ్యరచనలో జారిపోతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పథ్యం, ఆహారపూరకం, బలం, పునరావాసం, పరిభాష, ఆరోగ్యరచన.

1. ప్రవేశిక:

వైద్యంలో రోగిని తిరిగి నడిచే, తినే, పనిచేసుకునే స్థితికి తెచ్చే ప్రక్రియకు తెలుగులో ‘పునరావాసం’ అనే మాట స్థిరపడింది. ప్రాజెక్టుల కింద ముంపుకు గురైనవారికి ఇళ్ళు కట్టించడమూ పునరావాసమే. ‘ఆవాసం’ అనే పదం చోటును సూచిస్తుంది కాని శరీరాన్ని సూచించదు. అందువల్ల ఈ మాట కార్యాలయ పత్రాలకు పరిమితమైంది. ఇళ్ళలో వినిపించేవి ‘కోలుకోవడం’, ‘తేరుకోవడం’, ‘ఒళ్ళు చేయడం’. పారిభాషికపదం అనుభవానికి దూరమైనప్పుడు ఆ ఖాళీలోకి అంగడిభాష సులభంగా ప్రవేశిస్తుంది. ఆహారపూరకాల విషయంలో జరిగింది ఇదే.

2. పథ్యం - రెండు క్రియలు:

‘పథ్యం’ అంటే పథానికి తగినది, హితమైనది. ఆయుర్వేదంలో శోధనచికిత్సల తరువాత చెప్పిన సంసర్జనక్రమం ఇందుకు మంచి ఉదాహరణ. పలుచని పేయతో మొదలై విలేపి, యూషం, మాంసరసం వరకు ఆహారం మెట్టుమెట్టుగా చిక్కబడుతుంది. ఇక్కడ పథ్యం ప్రధానంగా ఆహారాన్ని తిరిగి ఇచ్చే క్రమం.

తెలుగు వాడుకలో ఈ పదానికి రెండు క్రియలు చేరాయి. జ్వరం తగ్గిన రోగికి లంఖణం విడిపించి తొలిసారి అన్నం పెట్టడం ‘పథ్యం పెట్టడం’. ఫలానాది తినకుండా నియమం పాటించడం ‘పథ్యం ఉండటం’. మొదటిది ఇవ్వడాన్ని చెప్తే, రెండవది మానడాన్ని చెప్తుంది. నేడు ఎక్కువగా వినిపించేది రెండవదే. ‘పథ్యం ఏమైనా ఉందా?’ అని అడిగేవారు ఏమి మానాలి అనే ప్రశ్ననే అడుగుతున్నారు. ఏమి పెట్టాలి అనే అర్థం ఆ మాటలోంచి దాదాపు తొలగిపోయింది.

ఈ అర్థసంకోచానికి ఆచరణలో మూల్యముంది. పప్పు తింటే కుట్ల దగ్గర చీము పడుతుందన్న నమ్మకం తెలుగునాట సుపరిచితమే. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులను సరిగ్గా ఆ సమయంలోనే పళ్ళెంలోంచి తీసివేయడానికి ఇది దారితీస్తుంది.

3. బలంమందు - కొలత లేని మాట:

‘బలం’ చాలా పెద్ద మాట. కండరశక్తి, రక్తపుష్టి, ఆకలి, ధైర్యం అన్నీ అందులో ఇమిడిపోతాయి. అందుకే ‘బలానికి టానిక్కు’, ‘బలానికి సెలైన్’, ‘బలానికి పొడి’ అనే ప్రయోగాలు ఏ అడ్డంకీ లేకుండా పుడతాయి. 5 శాతం గ్లూకోజు ఉన్న 500 మి.లీ. సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. దానివల్ల వచ్చే శక్తి 100 కిలోకేలరీలకు మించదు. ఉప్పునీటి సెలైన్‌లో అదీ లేదు. సీసాలోని నీరు ఒంట్లో నీరు తగ్గినవారికి ప్రాణావసరం కావచ్చు. కాని దానిని ‘బలం’ అన్న వెంటనే అవసరం ఎవరికి అన్న ప్రశ్న లేకుండాపోతుంది.

పథ్యం పేరుతో తీసివేత, బలం పేరుతో కూడిక ఒకే ఇంట్లో కలిసి సాగుతున్నాయి. పప్పు, గుడ్డు మాన్పించిన కుటుంబమే అవే మాంసకృత్తులను డబ్బాలో కొనితెస్తుంది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో సుమారు 7 గ్రాములు మాంసకృత్తులుంటాయన్న లెక్క ఆ డబ్బా ధర పక్కన కనిపించదు.

4. పూరకం - షరతుతో కూడిన మాట:

‘పూరకం’ అనే పదంలోనే ఒక షరతు ఉంది. పూరించాలంటే ముందు లోటుండాలి. రెండు పెద్ద పరిశోధనలను పక్కపక్కన పెడితే ఈ షరతు విలువ తెలుస్తుంది. 2005లో ‘లాన్సెట్’ ప్రచురించిన ‘ఫుడ్’ అధ్యయనంలో మింగగలిగిన 4,023 మంది పక్షవాత రోగులు పాల్గొన్నారు. ఆసుపత్రి భోజనానికి తోడు ఒక వర్గానికంతా ఒకే విధంగా పూరకం ఇచ్చినా ఆరు నెలల తరువాత చెప్పుకోదగిన మేలు కనిపించలేదు. వారిలో పోషణలోపం ఉన్నవారు 8 శాతమే. 2019లో అదే పత్రికలో వచ్చిన స్విట్జర్లాండ్ ‘ఎఫర్ట్’ అధ్యయనం 8 ఆసుపత్రులలో పోషణలోప ప్రమాదమున్న 2,028 మందిని పరిశీలించింది. ఒక్కొక్కరి అవసరాన్ని లెక్కించి, ఆహారాన్ని మార్చి, అవసరమైనచోట పూరకాలిచ్చారు. 30 రోజుల్లో మరణాలు మామూలు భోజనం అందుకున్న వర్గంలో 10 శాతం కాగా, ఈ వర్గంలో 7 శాతం.

రోగులు, వ్యాధులు, పద్ధతులు వేరు కనుక ఈ రెండింటినీ నేరుగా పోల్చలేము. అయినా రెండవదానిలో ‘ఎవరికి లోటుంది, ఎంత?’ అన్న ప్రశ్న ముందు వచ్చింది. ‘బలంమందు’ అనే మాటలో ఈ ప్రశ్నకు చోటులేదు.

దీనినిబట్టి పూరకాలు వృథా అనుకోవడమూ పొరపాటే. ఆరోగ్యవంతుడైన వయోజనుడికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని భారతీయ ప్రమాణం చెప్తుండగా, జబ్బుపడిన వృద్ధులకు 1.2 నుండి 1.5 గ్రాములు కావాలని అంతర్జాతీయ నిపుణుల సూచన. నాలుగు ముద్దలు మింగలేని వృద్ధుడికి ఆ తేడాను పూరకమే భర్తీ చేయవలసిరావచ్చు. మూత్రపిండవ్యాధి ఉన్నవారికి అదే మోతాదు హాని చేయవచ్చు. కనుక నిర్ణయం వైద్యుడు, ఆహారనిపుణుడు కలిసి చేయవలసినది.

5. డబ్బా మీది భాష:

2016 నాటి ఆహారభద్రతా నిబంధనల ప్రకారం ఆరోగ్యపూరకాల డబ్బాపై అది ఔషధ వినియోగానికి కాదని స్పష్టంగా ముద్రించాలి. కాని తప్పనిసరి వివరాలను ఇంగ్లీషులోగాని హిందీలోగాని ముద్రిస్తే చట్టానికి సరిపోతుంది. ప్రాంతీయభాష ఐచ్ఛికం. డబ్బా ‘మందు కాదు’ అని పరభాషలో చెప్తుంటే, వాడుక తెలుగు దానిని ‘బలంమందు’ అని పిలుస్తున్నది. హెచ్చరికకు తెలుగులో చోటు లేనప్పుడు పాఠకుడికి దిక్కయ్యేది ఆరోగ్యశీర్షికే. ఆ శీర్షిక కూడా ‘బలానికి’ అని రాస్తే హెచ్చరిక పూర్తిగా మూగబోతుంది.

6. ముగింపు:

ఈ చర్చ నుంచి మూడు ప్రతిపాదనలు చేయవచ్చు. (అ) ఆరోగ్యరచనలో ‘పూరకం’ అన్నచోటల్లా ఏ లోటుకు, ఎంతకాలం అన్నది చెప్పాలి. (ఆ) ‘బలం’ బదులు మాంసకృత్తులు, ఇనుము, విటమిన్-డి వంటి కొలవగల పేర్లు వాడాలి. (ఇ) ‘పథ్యం పెట్టడం’ అనే ప్రయోగాన్ని తిరిగి వాడుకలోకి తేవాలి. కోలుకునే మనిషికి ఏమి మాన్పించాలన్న ప్రశ్నతోపాటు ఏమి పెట్టాలన్న ప్రశ్న కూడా ఆ మాటలో ఉంది. పరిభాషా నిర్మాణాన్ని తెలుగుశాఖలు సాహిత్యవిమర్శకే పరిమితం చేయకుండా వైద్యుల గది వరకు తీసుకువెళ్ళవలసిన అవసరాన్ని ఈ మూడు మాటలు గుర్తుచేస్తున్నాయి.