ప్రయాణికుడి తిట్ల పుస్తకం: హాస్యం, అధికారం, కళింగాంధ్ర పలుకుబడి

వ్యాససంగ్రహం:
విదేశీ భాషలో తిట్లు నేర్పే హాస్య సంభాషణ పుస్తకాలు తిట్టును కేవలం ఒక పదంగా చూస్తాయి. తెలుగులో తిట్టు పదంలో కన్నా సంబంధంలోనే ఎక్కువగా ఉంటుందనీ, ఆ పుస్తకాల హాస్యం తిరిగి వెళ్లిపోగలవాడికే చెల్లుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సంభాషణ పుస్తకం, తిట్టు, సంబోధన, కళింగాంధ్ర మాండలికం, వలస.

1. ప్రవేశిక:
దారి అడగడానికి, బేరమాడటానికి, వైద్యుణ్ని పిలవడానికి పుట్టినది సంభాషణ పుస్తకం. దాని చుట్టూ అల్లుకున్న హాస్యం మూడు దశల్లో మారింది. 1855లో వచ్చిన పెద్రూ కరోలీను పోర్చుగీసు–ఇంగ్లీషు పుస్తకం గంభీరంగా రాసినదే. అందులోని వింత ఇంగ్లీషును చూసి లోకం నవ్వింది. 1883 నాటి అమెరికా ముద్రణకు మార్క్ ట్వేన్ పీఠిక రాశాడు. 1970లో ప్రసారమైన మాంటీ పైథాన్ హాస్య సన్నివేశంలో తప్పుడు హంగేరియన్ పుస్తకాన్ని నమ్మి మాట్లాడిన విదేశీయుడు పోలీసుల పాలవుతాడు. 1980ల చివరలో హోవర్డ్ టోంబ్ రాసిన ‘వికెడ్’ వరుస పుస్తకాల నాటికి వెటకారమే ప్రయాణికుడి సరంజామా అయింది. మొదటి దశలో నవ్వు రచయిత అజ్ఞానం మీద, రెండో దశలో పుస్తకం మీది గుడ్డి నమ్మకం మీద. మూడో దశలో అది స్థానికుడి వైపు తిరిగింది. విమర్శ నిలవవలసిన చోటు ఈ మలుపే.

2. గిరీశం పాఠం:
తెలుగులో ఈ హాస్యానికి దగ్గరి ఉదాహరణ గురజాడ ‘కన్యాశుల్కం’ (1897, 1909)లో ఉంది. కొడుకు ఇంగ్లీషు వినాలని తల్లి ముచ్చటపడితే గురుశిష్యులు బాలగేయపు పాదాలను, వ్యాకరణ సూత్రపు ముక్కలను సంభాషణగా అప్పజెబుతారు. అర్థం లేకపోయినా అధికారం పలికింది. గురజాడ నవ్వు ఆ తల్లి అమాయకత్వం దగ్గర ఆగక, భాషను హోదాగా ధరించిన గిరీశం మీద పడుతుంది. తిట్ల పుస్తకాల్లో లోపించినది ఈ వివేకమే.

3. తిట్టు వ్యాకరణం:
నిమ్మాడ, టెక్కలి, పలాస పరిసరాల్లో పిల్లవాణ్ని ‘గుంటడు’ అనడం సహజం. ‘ఒరే’, ‘ఒలే’ అనే పిలుపులు ఇంటిలో చనువు. అవే పిలుపులు పనిచోట మేస్త్రీ నోట, కార్యాలయంలో అధికారి నోట వస్తే అవమానం. ‘మీరు’ అనవలసినచోట ‘నువ్వు’ అంటే చాలు, ఒక్క బూతుమాట లేకుండానే తిట్టు పూర్తవుతుంది. మరోవైపు, ముసలమ్మ మనవణ్ని ‘సచ్చినోడా’ అంటే అందులో శాపం లేదు. ఎవరు, ఎవరిని, ఎవరి ఎదుట అన్నారనేదే అర్థాన్ని నిర్ణయిస్తుంది. పదానికెదురుగా పదం పేర్చే పట్టిక దీన్ని పట్టుకోలేదు.

4. వలస కూలీ నిఘంటువు:
ఉద్దానం నుంచి భువనేశ్వర్‌కో, గల్ఫ్‌కో పనికి వెళ్లేవారికి తిట్లు తెలియడం వినోదం కాదు. ఒడియాలో ‘తు’, ‘తుమె’, ‘ఆపణ’ల నడుమ, హిందీలో ‘తూ’, ‘తుమ్’, ‘ఆప్’ల నడుమ తేడా వారికి తమ స్థానాన్ని తెలుపుతుంది. పర్యాటకుడు తిట్టడానికి నేర్చుకుంటాడు. కూలీ తనను తిట్టారని గ్రహించడానికి నేర్చుకుంటాడు. మొదటివాడికి తిరుగు టిక్కెట్టు ఉంది. రెండోవాడు మర్నాడు అదే మేస్త్రీ ముందు నిలబడాలి. ఆ కూలీ సొంత యాసను తెలుగు సినిమా తరచు వెక్కిరింతకు వాడుకుంది కనుక, నవ్వులపాలు కావడమంటే ఏమిటో అతనికి ఇంటినుంచే తెలుసు.

5. ముగింపు:
ఈ నేలకు మరో సంప్రదాయం కూడా ఉంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల భాషను వారి నుంచే నేర్చుకొని, వారి పిల్లల చదువు కోసం పుస్తకాలు రాశాడు. 1931లో ఆయన సవర భాషా కరదీపిక వెలువడింది. పరాయి భాష దగ్గరకు వెళ్లేవాడు ఏ స్థానంలో నిలబడాలో ఆ కృషి చూపింది. హాస్య సంభాషణ పుస్తకాలను నిషేధించవలసిన పని లేదు. అయితే వాటిని అంచనా వేసేటప్పుడు నవ్వు వచ్చిందా అన్న ప్రశ్నతో ఆగక, ఆ నవ్వు ఖర్చు ఎవరు భరిస్తున్నారని కూడా అడగాలి. ఈ గీటురాయి మీద ‘వికెడ్’ వరుస కన్నా కన్యాశుల్కంలోని ఆ చిన్న సన్నివేశమే మేలైన హాస్యం.