కొత్తవాడ మగ్గం నుంచి కస్టమర్‌కు ఉత్తరం

వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా ఒకసారి కొంటే ఏళ్ల తరబడి మన్నుతుంది. నేతపనికి పేరు తెచ్చేది ఆ మన్నికే, అమ్మకానికి ఇబ్బంది తెచ్చేదీ అదే. మళ్లీ అవసరం పడేసరికి ఏ చేనేత సొసైటీలో కొన్నారో ఎవరికీ గుర్తుండదు. బిడ్డ పెళ్లికో, కొత్తింటికో కావాల్సివస్తే ఫోన్‌లో ముందు కనిపించిన మిల్లు సరుకు తెప్పించుకుంటారు. ఈ ఎడం పూడ్చుకోవడానికి చిన్న సొసైటీ చేతిలో ఉన్న చవకైన దారి, కొన్నవాళ్లకు అప్పుడప్పుడు రాసే ఈమెయిల్ ఉత్తరం.

ఆ ఉత్తరంలో ఏం రాయాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. పండగకు ఇంత తగ్గింపు అని రాసి ఊరుకుంటారు. నెలనెలా కొనే సరుకుకు అది సరిపోతుందేమో. ఏళ్లపాటు పరుచుకునే దాని మీద మాటిమాటికీ తగ్గింపు ప్రకటిస్తే చదివేవాళ్లకు విసుగొస్తుంది, అసలు ధర మీదే అనుమానం పుడుతుంది. నన్నడిగితే ఉత్తరానికి కావలసినదంతా మగ్గం దగ్గరే ఉంది.

వరంగల్ దర్రీలకు, అంటే మన జంపఖానాలకు, 2018లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తును బిళ్ల మీద ముద్రిస్తే చాలదు, ఈ నేతలో ఏముందో చెప్పేవాళ్లుండాలి. జంపఖానాలో పేకను, అంటే అడ్డపోగులను, అచ్చుతోనో పంజాతోనో గట్టిగా కొట్టి దగ్గరికి చేరుస్తారు. దాంతో నిలువు పోగులైన పడుగు లోపల దాగిపోతుంది. కంటికి కనిపించే రంగంతా పేకదే. తివాచీకి ఉండే బొచ్చు దీనికి ఉండదు కాబట్టి రెండు వైపులా వాడుకోవచ్చు.

రంగు మారేచోట పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. ఎర్ర పేక ఒకవైపు నుంచి, నీలి పేక మరోవైపు నుంచి వచ్చి ప్రతి వరుసలోనూ ఒకేచోట వెనక్కి తిరిగితే మధ్యలో నిలువు చీలిక మిగులుతుంది. అది రాకుండా నేతగాడు రెండు పేకలనూ ఒకదానిలో ఒకటి మెలేసి కలుపుతాడు. లేదంటే వరుస వరుసకూ పోగులు జరుపుకుంటూ మెట్లు మెట్లుగా పోతాడు. వరంగల్ దర్రీల మీద మనం చూసే ఆ మెట్ల గీతల్లో అందమూ ఉంది, బట్ట చీలకుండా కాపాడే లెక్కా ఉంది.

ఈ ఒక్క సంగతి ఒక ఉత్తరానికి చాలు. ఆ అతుకును దగ్గర నుంచి తీసిన ఫోటో, కింద నాలుగు వాక్యాలు. చదివినవాళ్లు తమ ఇంట్లోని జంపఖానా మూల ఎత్తి చూసుకుంటారు. అలా చూసుకున్న మనిషికి మిల్లు సరుకుకూ దీనికీ తేడా ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఏడాదికి ఆరు ఉత్తరాలు సరిపోతాయని నా అభిప్రాయం. ఎండాకాలం మొదట్లో డాబా మీద పడకలకు పనికొచ్చే కొలతలు, ధరలు. వానాకాలంలో ఆలస్యానికి కారణం: గుంట మగ్గంలోకి ఊటనీరు చేరితే పని ఆగుతుంది, రంగు వేసిన నూలు ఆరదు. ముందే చెబితే కస్టమర్ ఓపిక పడతాడు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమానికి పిలుపునిచ్చారు. దానికి గుర్తుగా 2015 నుంచి ఈ దినం జరుపుకుంటున్నాం. ఆ నెల ఒక నేత కుటుంబాన్ని, వాళ్ల ఇష్టం అడిగి, పరిచయం చేయాలి. బతుకమ్మకు ముందు ఆర్డర్ల ఆఖరి తేదీ రాయాలి. చలికాలంలో ఉతుకు గురించి: మొదటిసారి విడిగా చన్నీళ్లలో ఉతికి, నీడన ఆరేయాలి. మిగిలిన ఒకటి చరిత్రకు. 1851 లండన్ మహా ప్రదర్శనకు వెళ్లిన వరంగల్ తివాచీలు ముడులు వేసి నేసినవి, జంపఖానా నేత వేరు. ఈ తేడా మన ఊరివాళ్లకే చాలామందికి తెలియదు.

ఇక చిరునామాలు. బిల్లు రాసేటప్పుడే ‘మీకు ఉత్తరం పంపొచ్చా?’ అని అడగాలి. అడగకుండా ఎక్కడో కొన్న జాబితాకు పంపడం మర్యాద కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వ్యక్తి సమ్మతికే పెద్దపీట వేసింది. వద్దన్నవాళ్ల పేరు వెంటనే తీసేయాలి. అందరి చిరునామాలూ అందరికీ కనిపించేలా ఒకే వరుసలో పెట్టి పంపితే నమ్మకం ఒక్కరోజులో పోతుంది. ఇళ్లకు కొన్నవాళ్లనూ హోటళ్లు, హాస్టళ్లనూ వేరువేరుగా ఉంచుకోవాలి. ఒకరికి ఒక్క జంపఖానా కావాలి, ఇంకొకరికి వంద ఎప్పటికి అందుతాయో కావాలి.

ఉత్తరం పైవరుసలో ‘ఆగస్టు సమాచారం’ అని రాస్తే ఎవరూ తెరవరు. ‘మీ జంపఖానాను మొదటిసారి ఉతికే ముందు’ అని రాస్తే తెరుస్తారు. ఒక ఉత్తరానికి ఒకే విషయం. కొలత, ధర, చేరే రోజు దాచకుండా చెప్పాలి. జవాబు రాస్తే చదివి బదులిచ్చే మనిషి ఉండాలి. ఇది నేను గట్టిగా చెప్పే మాట, ఎందుకంటే ‘ఇంత వెడల్పులో నేస్తారా?’ అన్న ప్రశ్నే చాలాసార్లు ఆర్డర్ అవుతుంది.

ప్రభుత్వ హాస్టళ్ల కొనుగోళ్లు ఒక ఏడాది పెరుగుతాయి, ఇంకో ఏడాది తగ్గుతాయి. కొని, వాడి, మెచ్చిన ఇళ్లు మాత్రం సొసైటీకి సొంతం. కంప్యూటర్ తెలిసిన పిల్లలు నేత ఇళ్లలోనే ఉన్నారు. కొత్తవాడ సొసైటీ పెద్దలు ఈ పని వాళ్లకు అప్పగించి, పాత కస్టమర్లనూ ‘ఉత్తరం పంపొచ్చా?’ అని అడగడానికి పాత బిల్లు పుస్తకాలు ఈ వారమే బయటికి తీయాలి.