ఎక్స్ స్థానంలో ఒక సంఖ్య పెట్టి చూడు

ఏడో తరగతిలో బీజీయ సమాసాల పాఠం అయిపోయి పరీక్షలు దగ్గరపడగానే పునశ్చరణ మొదలవుతుంది. చాలా బడుల్లో అది ఒకే తీరుగా సాగుతుంది. చరరాశి, స్థిరరాశి, గుణకం, సజాతి పదాలు, విజాతి పదాలు అంటూ నిర్వచనాలన్నీ మళ్లీ బోర్డెక్కుతాయి. పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. మర్నాడు అదే పిల్లల నోటుపుస్తకాల్లో 2ఎక్స్ + 3వై = 5ఎక్స్‌వై అని కనిపిస్తుంది. లెక్కల మాస్టారుగా ఈ తప్పును ఏటా చూశాను. నిర్వచనం ఇంకోసారి వల్లె వేయిస్తే ఇది పోదు. పిల్లవాడు తన జవాబును తానే పరీక్షించుకోవడం నేర్చుకున్నప్పుడు పోతుంది.

ఈ తప్పు వెనక ఒక అపోహ ఉంది. పాఠం తేలిక చేద్దామని మనం మూడు యాపిళ్లు, రెండు బత్తాయిలు కలవవు కాబట్టి 3ఏ, 2బీ కూడా కలవవని చెబుతాం. ఆ పూటకు పని జరుగుతుంది. కానీ పిల్లవాడి మనసులో అక్షరం ఒక వస్తువైపోతుంది. రేపు ఏ ఇంటూ బీ అంటే యాపిల్‌ను బత్తాయితో ఎలా గుణించాలి? ఏ స్క్వేర్ అంటే ఏమిటి? అక్షరం పండుకు గుర్తు కాదు. పండు ధరకో, పండ్ల లెక్కకో, ఏదో ఒక సంఖ్యకు గుర్తు. పునశ్చరణలో మొదట చక్కబెట్టాల్సింది ఇదే.

సంఖ్యే అయినప్పుడు దాన్ని పెట్టి చూడొచ్చు. ఎక్స్‌కు 3, వైకి 5 ఇస్తే 2ఎక్స్ + 3వై విలువ 21. 5ఎక్స్‌వై విలువ 75. రెండూ ఒకటి కావని మాస్టారు చెప్పనక్కర్లేదు. 7 − (ఎక్స్ − 3)ని 4 − ఎక్స్ అని రాసిన అమ్మాయి, ఎక్స్‌కు 5 ఇచ్చి చూస్తే మొదటిది 5, రెండోది −1. బ్రాకెట్ ముందున్న మైనస్ లోపలి ప్రతి పదం గుర్తునూ మారుస్తుందని అప్పుడు అర్థమవుతుంది.

అయితే ఏ సంఖ్య పెట్టాలన్నదీ పాఠమే. ఎక్స్, వై రెండింటికీ 1 ఇస్తే 2ఎక్స్ + 3వై, 5ఎక్స్‌వై రెండూ 5 అయి కూర్చుంటాయి. ఎక్స్‌కు 2 ఇస్తే ఎక్స్ స్క్వేర్, 2ఎక్స్ ఒకటే అనిపిస్తాయి. ఒక్కచోట కుదిరినంత మాత్రాన నియమం కాదు, ఒక్కచోట కుదరకపోతే చాలు అది నియమం కాదని తేలిపోతుంది. గణితంలో ఇంతకన్నా విలువైన ఎరుక ఏడో తరగతి పిల్లలకు ఇంకేముంటుంది?

ఎనిమిదో తరగతిలో ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ వస్తుంది. ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాసేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు. 3, 5 పెట్టమనండి. 8 స్క్వేర్ 64. విడివిడిగా 9, 25 కలిపితే 34. తగ్గిన 30 ఎక్కడిదని అడిగితే, 3, 5ల లబ్ధం 15 అనీ, దానికి రెట్టింపే 30 అనీ పిల్లలే పట్టేస్తారు. 2ఏబీని అలా దొరకబుచ్చుకున్నవాళ్లు మళ్లీ మరచిపోరు.

ఏడో తరగతి పాఠం మొత్తాన్ని ఒక్క పీరియడ్‌లో తిరగేయడానికి ఒక అగ్గిపెట్టె చాలు. పుల్లలతో పక్కపక్కనే అంటుకుని ఉండే చతురస్రాలు పేర్పించండి. ఒకదానికి 4, రెండింటికి 7, మూడింటికి 10 పుల్లలు. మరి ఎన్ చతురస్రాలకు? మొదటిదానికి 4, తర్వాత ఒక్కోదానికి 3 అని ఒకరు 4 + 3(ఎన్ − 1) రాస్తారు. పైన ఎన్, కింద ఎన్, నిలువుగా ఎన్ + 1 అని ఇంకొకరు చూస్తారు. సూక్ష్మీకరిస్తే రెండూ 3ఎన్ + 1 అవుతాయి. బ్రాకెట్ విప్పేటప్పుడు 3తో ఒకటిని గుణించడం మరిచినవాడికి 3ఎన్ + 3 వస్తుంది. రెండు చతురస్రాలకు అది 9 అంటుంది, ఎదురుగా పుల్లలు 7 ఉన్నాయి. చరరాశి, గుణకం, స్థిరరాశి, సజాతి పదాల కూడిక అన్నీ ఇందులోనే ఉన్నాయి. పైగా ప్రతిదానికీ ఒక అర్థం ఉంది.

అక్షరం ఒక సంఖ్యకు పేరన్న ఆలోచన మనకు కొత్త కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో తెలియని రాశులకు యావత్తావత్తు, కాలకం (నలుపు), నీలకం (నీలం) అనే పేర్లు వాడాడు. ఒకే జాతివి కలపాలని, వేరు జాతులవి విడిగా ఉంచాలని నియమం చెప్పాడు. నలుపైనా నీలమైనా అక్కడ రంగు ఒక సంఖ్యకు పేరు మాత్రమే.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒకటే. ఈసారి పునశ్చరణలో మొదటి పీరియడ్‌ను నిర్వచనాలకు కాక, పిల్లలు పోయిన పరీక్షలో రాసిన తప్పు జవాబులకు ఇవ్వండి. సంఖ్యలు పెట్టి వాటిని వాళ్లనే సరిచూడమనండి. తల్లిదండ్రులకు బీజగణితం గుర్తుండనవసరం లేదు. ఎక్స్‌కు 5 ఇచ్చి రెండు వైపులా ఎంతొచ్చిందో చూపించమని అడిగితే చాలు.