పిన్ని తీసిన పూలు

"ఒక్కొక్కటీ చూసి చెప్పు. బాగా లేదన్నది అక్కడికక్కడే తీసిపారేస్తాను" అంది పిన్ని, కెమెరా వెనక చెత్తబుట్ట బొమ్మ ఉన్న మీట మీద బొటనవేలు ఆనించి.

నవలలు రాసేదాన్ని గనుక విమర్శలంటే నాకు కొత్త కాదు. చదివి ఏడ్చాను, కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాశాను. కాని విమర్శకుడు పెదవి విరిచిన క్షణంలోనే రచన మాయమైపోయే ఏర్పాటు మాత్రం ఎక్కడా చూడలేదు. "ముందు ఆ వేలు తియ్యి పిన్నీ, తర్వాత చూస్తాను" అన్నాను.

మొత్తం 62 ఫోటోలు. అన్నీ కార్తీకమాసంలో ఒక్క ఆదివారం నాడు, రాజమండ్రిలో వాళ్ళింటి పెరట్లో తీసినవే. అంతకు రెండు రోజుల ముందే కొడుకు ఆ డిజిటల్ కెమెరా తెచ్చిచ్చాడు. ఫోన్లోనే కెమెరా ఉండగా మళ్ళీ ఇదెందుకని కోడలు నవ్విందట. పిన్నికి ఫోనుతో ఫోటో తియ్యాలంటే భయం. ఏదో నొక్కబోయి ఎవరికో ఫోన్ చేసేస్తానేమోనని!

మా చిన్నతనంలో కెమెరా ఎప్పుడూ బాబాయిల మెడల్లోనే వేలాడేది. రీలుకి 36 బొమ్మలు. అవైపోతాయేమోనని వాళ్ళ బెంగ. ఆడవాళ్ళం కుచ్చిళ్ళు సర్దుకుని ఎదురుగా నిలబడడమే. అరవై ఆరేళ్ళ వయసులో పిన్ని మొదటిసారి కెమెరాకి ఇవతలి వైపుకి వచ్చింది. రీలు ఖర్చు లేదుగా! నొక్కుతూ పోయింది.

నిజం చెప్పొద్దూ, చాలామటుకు బాగా లేవు. మొదట మందారాలు. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిందేమో, రేకుల మీద ఈనెలు లేవు, మడతలు లేవు. ఎర్ర సిరా ఒలికినట్టుంది. మరీ ముదురు ఎరుపు మీద ఎండ పడితే కెమెరా ఆ వన్నెల తేడాలు పట్టుకోలేదు. పొద్దున్నే నీడలో తీసి, కూడిక, తీసివేత గుర్తులున్న మీటతో వెలుగు కాస్త తగ్గించి ఉంటే ఆ ఈనెలన్నీ కనిపించేవి. నందివర్ధనాల సంగతీ అంతే. కెమెరా చుట్టూ ఉన్న నల్లటి ఆకుల్ని చూసి వెలుగు ఎక్కువ పట్టేసింది. పువ్వులు సున్నపు చుక్కలైపోయాయి.

ఒక చామంతి ఫోటోలో పువ్వు మసకగా ఉంది. వెనక గోడ మీద పెచ్చులూడిన సున్నం మాత్రం లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉంది! కెమెరా మీద చిన్న పువ్వు గుర్తుంటుంది, చూశారా? అది దగ్గరి వస్తువుల్ని తీసేందుకు పెట్టిన ఏర్పాటు. పిన్ని ఆ బొమ్మ ముచ్చటకి వేశారనుకుందట.

ఇవన్నీ కొత్తవాళ్ళందరూ చేసే పొరపాట్లే. నాలుగు రోజుల్లో దిద్దుకోవచ్చు. నన్ను ఆపింది వేరే సంగతి. ఏ ఫోటోలో చూసినా పువ్వు ఎక్కడో దూరంగా, నడుమ బొట్టంత ఉంది. చుట్టూ ఆకులు, బకెట్టు, దండెం మీద ఆరేసిన తువ్వాళ్ళు. కొలిచినట్టు ప్రతి పువ్వుకీ మూడడుగుల ఇవతలే ఆగిపోయింది పిన్ని.

"ఇంత దూరం నించి తీశావేం?" అన్నాను.

"దగ్గరికెళ్ళి నేనేం చేస్తానే? కోసి ఎవరికో ఇవ్వడమేగా నా పని" అంది తేలిగ్గా.

నేనింకేం మాట్లాడలేకపోయాను. బాబాయి పోయి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పట్నించీ పిన్ని తల్లో పువ్వు పెట్టలేదు. మొక్కల్ని మాత్రం మానలేదు. కడియం నర్సరీలు పక్కనే కనుక కనబడిన మొక్కల్లా తెస్తుంది, పెంచుతుంది. పూసినవన్నీ వీధిలో వాళ్ళ దేవుళ్ళకీ ఆడపిల్లల జడలకీ పోతాయి. "ఈ రోజుల్లో ఎవరేమంటారు పిన్నీ, పెట్టుకో" అని నేనెన్నిసార్లు అన్నా, "కాఫీ తాగుతావుటే?" అని లేచిపోతుంది. నోటితో చెప్పనిది ఈ ఫోటోలు చెప్పేశాయి.

సరే, యాభైలు దాటాక ఒకటి వచ్చింది. పారిజాతాలు. రాత్రి విచ్చి తెల్లారేసరికి రాలిపోతాయి కదా, తడి నేల మీద బోర్లా పడి ఉన్నాయి. తెల్లటి రేకుల మీద నారింజరంగు కాడలు పైకి లేచి ఉన్నాయి. ఒక కాడ మీద చీమ ఎక్కుతోంది! వెలుగు మెత్తగా ఉంది. బకెట్టు లేదు, తువ్వాలు లేదు. ఫోటో నిండా పువ్వులే.

"ఇదెలా తీశావు?"

"పొద్దున్నే సజ్జ పట్టుకుని ఏరడానికి కూచున్నాను. కెమెరా మెళ్ళోనే ఉంది, అలాగే నొక్కాను. ఏం, బాగా లేదా?"

చూశారా! ఏరేందుకు కూచున్నప్పుడు దూరం సంగతి ఆవిడకి గుర్తులేదు. మనం పువ్వుని చేత్తో ఎరుగుదుం. చీకట్లో తడిమి ఏ మొగ్గ కొయ్యొచ్చో చెప్పగలం. చూపు మాత్రం దండలో ఎన్ని మూరలు వస్తాయన్న దాని మీదే. ఘంటసాల గొంతులో కరుణశ్రీ పుష్పవిలాపం విని కళ్ళొత్తుకుని, మర్నాడు సజ్జతో బయల్దేరే జాతి కదా మనది! కొయ్యకుండా, ఎవరికీ ఇవ్వకుండా, ఊరికే పువ్వుని చూడ్డానికి పిన్నికి ఒక వంక దొరికింది. ఆ వంకే కెమెరా.

అమెరికాలో ఇమోజెన్ కనింగ్‌హామ్ అనే ఫోటోగ్రాఫర్ ఉండేది. 1883లో పుట్టింది. ముగ్గురు మగపిల్లలు. వాళ్ళ పెంపకంతో ఇల్లు కదలడానికి తీరక, 1920లలో దొడ్లో మొక్కల్నే ఫోటోలు తీసింది. ఆవిడ 1925లో తీసిన మాగ్నోలియా పువ్వు ఇప్పటికీ ఎంతో పేరున్న ఫోటో. రంగుల్లేవు, నలుపు తెలుపే. పువ్వు ఫోటో అంతా నిండిపోయి, నడుమనున్న కేసరాలు వేలితో తాకొచ్చనిపిస్తాయి. అంత దగ్గరికి వెళ్ళింది. ఆవిడతో పిన్నిని పోల్చడం లేదు. పెరడు దాటకుండానే చూడవలసినంత ఉందని మాత్రం అంటున్నాను.

పూల ఫోటోలు కేలండర్ల నిండా ఉన్నాయి, ఈవిడ తీస్తే ఎంత, తియ్యకపోతే ఎంత అని అడగచ్చు మీరు. కేలండరు గులాబీ ఎవరి దొడ్లో పూసిందో మనకి తెలీదు. ఈ పారిజాతాలు మాత్రం పిన్ని నీళ్ళు పోసినవి, పిన్ని వంగి చూసినవి. ఆ వంగడం ఫోటోలో కనిపిస్తోంది. నాకది చాలు.

"ఏదీ తియ్యద్దు పిన్నీ. ఏరడానికి కూచున్నట్టే ఫోటోకీ కూచో" అని చెప్పి వచ్చేశాను.

వారం తిరక్కుండా ఫోన్ చేసింది. పాదు మీద బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంటే ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి తీసిందట. మోకాళ్ళు పట్టేశాయట.

"ఆ మందారాలూ నందివర్ధనాలూ తీసేశానే" అంది.

"అయ్యో, వద్దన్నానుగా!"

"నువ్వేదో అన్నావని కాదు. నాకే నచ్చలేదు."

ఇక నా విమర్శతో ఆవిడకి పని లేదు.