పోస్టరు అక్షరం, పేజీ అక్షరం

సినిమా పేరు చూడగానే కథ స్వభావం తట్టాలన్నది మన పోస్టరు కళకు మొదటినుంచీ ఉన్న నియమం. బాపు, ఈశ్వర్ వంటి చిత్రకారులు ఆ పనిని దీక్షతో నిర్వహించారు. బాపు చేతిరాత ఫాంటుగా మారి శుభలేఖల దాకా పాకింది కూడా. గోడమీది అక్షరం బొమ్మే కావచ్చు. జనం దాన్ని నడుస్తూ చూస్తారు.

కాని ఫిలింనగర్ ప్రచారకుడు అదే బొమ్మను వెబ్ పేజీకి అతికించి తెలుగు రాశాననుకుంటే అది వట్టి రూపారాధన. బొమ్మలోని మాట వెతికితే దొరకదు. పక్కన మాటల్లో రాసిపెడితే తప్ప, అంధ పాఠకునికి యంత్రం దాన్ని నమ్మకంగా చదివి వినిపించలేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది గనుక సాకులు చెల్లవు.

ఫాంట్లకూ కరువు లేదు. ఎన్.టి.ఆర్., రామభద్ర, మండలి, గిడుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితంగా లభిస్తున్నాయి. (వ్యావహారికం కోసం పోరాడిన గిడుగు పేరు ఇక్కడ సార్థకమే!) రామభద్ర లావుపాటి అక్షరం, శీర్షికకు తగినది. దానితో పేరాలు నింపడం పాఠకుని కళ్లమీద దౌర్జన్యం. పేరాలకు మండలి మేలు. ఏ ఫాంటయినా పేజీతోపాటు పంపాలి. లేకుంటే పాఠకుని ఫోను తనకున్నదేదో తొడుగుతుంది.

అసలు అపచారం వరుసల ఎడంలో జరుగుతోంది. ఆంగ్లానికి సరిపోయే ఎడం మనకు చాలదు. 'రాష్ట్రం' వత్తులు కిందికి దిగి, దిగువ వరుస గుడిని ఢీకొంటాయి. కృష్ణానగర్ గదిలో చౌక ఫోనుపై నటీనటుల ఎంపిక ప్రకటన చదివే జూనియర్ ఆర్టిస్టుకు ఇది సౌందర్య సమస్య కాదు.