సామాజిక సన్నిధి సిద్ధాంతము: భద్రాచలము ఏజెన్సీ సంఘముల దృష్టిలో ఒక విమర్శ

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనది మొదలు జూన్ 8న ప్రార్థనా మందిరములు తిరిగి తెరచువరకు సంఘములు ఫోనునే ఆశ్రయించాయి. ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు ఆరాధన కూడ ఆ విధముగానే జరిగింది. ఆ దినములు గడిచినా అలవాటు నిలిచిపోయింది. చర్ల, దుమ్ముగూడెం ప్రాంతములలో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవి పల్లెలకు పరిచర్య చేయు కాపరికి ఒక ప్రశ్న మిగిలింది. ఫోనులో చేసిన ప్రార్థనను గృహదర్శనముగా ఎంచవచ్చునా?

ఈ ప్రశ్నకు తరచుగా ఆధారముగా తీసుకొనే సిద్ధాంతమును జాన్ షార్ట్, ఎడరిన్ విలియమ్స్, బ్రూస్ క్రిస్టీ అను మువ్వురు 1976లో 'ది సోషల్ సైకాలజీ ఆఫ్ టెలికమ్యూనికేషన్స్' అను గ్రంథములో ప్రతిపాదించారు. మాటలాడు వేళ అవతలివాడు మనకు ఎంత స్పష్టముగా మనిషిగా తోచునో అదే సామాజిక సన్నిధి అని వారి భావము. ఇది మాధ్యమమునకున్న గుణమని వారు తలంచారు. కాబట్టి ముఖాముఖి సంభాషణ మొదటి మెట్టు, దృశ్యము, స్వరము తరువాతివి, ఉత్తరము చివరిది.

ఈ వాదములో సత్యము లేకపోలేదు. సిరాతోను కాగితముతోను చెప్పుట చాలదని, ముఖాముఖిగా మాటలాడగోరుచున్నానని పెద్దయైన యోహాను కూడ భావించాడు (2 యోహాను 12). అయితే ఇందులో మూడు లోపములు గలవు.

మొదటిది, సన్నిధిని సాధనముతో కొలుచుట. 1992లో జోసెఫ్ వాల్తర్ చూపినట్లు, తగినంత కాలము దొరికితే వ్రాతలో కూడ సాన్నిహిత్యము పెరుగుతుంది. పౌలు దేహమందు దూరముగా ఉండియు ఆత్మయందు కొరింథీయులతో ఉన్నానని ఎంచుకొన్నాడు (1 కొరింథీ 5:3).

రెండవది, ప్రతివాని చేతిలోను ఒక పరికరమున్నట్లు ఊహించుట. అడవి పల్లెలో ఒక యౌవనస్థుని ఫోను చుట్టూ పదిమంది కూర్చొని వినవచ్చును. చదువురాని కోయ తల్లికి తెలుగులో వ్రాసిన సందేశము మూగది. తన కోయ భాషలో పలికిన స్వరము ఆమెకు ఆదరణ. ఇక్కడ మెట్లను నిర్ణయించేది యంత్రము కాదు, భాష. పౌలు పత్రికలు కూడ ఒంటరిగా వెళ్లలేదు. తుకికు వంటి సహోదరుడు వాటితో వెళ్లి పౌలు సంగతులు నోటితో తెలిపి హృదయములను ఆదరించాడు (కొలొస్సీ 4:7-8). ఫోను పట్టుకొని ఇంటింటికి వెళ్లే ఆ యౌవనస్థుడు మన తుకికు. అతనికి మనము ఏ తర్ఫీదు ఇచ్చాము?

మూడవది, దేహము దగ్గరనుంటే సన్నిధి దానంతటదే కలుగుననుట. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య గారు విదేశీ మిషనరీల త్యాగమును కొనియాడుతూనే, స్నేహితులు కావాలని వేడుకొన్నారు. ఒకే ఆవరణములో పనిచేసినను వారు దేశీయులతో సమానులుగా కలియలేదని ఆయన బాధ. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన ఆయన మాట మన ప్రాంతపు సంఘములకు నేటికీ హెచ్చరిక. నెలకొకసారి బండిపై వచ్చి, పిల్లల పేర్లైనా అడుగక పోవు కాపరి కంటె, పేరుపెట్టి పిలిచి రోగి క్షేమమడిగిన స్వరము దగ్గరిది.

అట్లని ఫోనే చాలునని తీర్మానించరాదు. వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెను (యోహాను 1:14). జ్వరముతో ఉన్నవాని తలపై చేయి ఉంచుటకు, రొట్టె విరిచి అందించుటకు, సమాధియొద్ద నిలుచుటకు స్వరము సరిపోదు. థెస్సలొనీకయులను హృదయమందు ఎడబాయని పౌలు వారి ముఖము చూడవలెనని మిక్కిలి ఆశించాడు (1 థెస్స 2:17). ఆయన పత్రిక ఆ ఆశను తీర్చలేదు, దానిని సజీవముగా ఉంచినది.

కాపరికి గురుతు ఇదే. ఫోను సంభాషణ తరువాత ఆ ఇంటికి వెళ్లవలెనను భారము పెరిగితే అది పరిచర్య. వెళ్లనక్కరలేదను నెమ్మది కలిగితే, రిజిస్టరులో దర్శనమని వ్రాసినను, ఆ ఇంటిని మనము దర్శించలేదు.